ఆరోగ్యశ్రీ ఆపేశారని డయాలసిస్ మానకండి

తమ్ముడూ, మీ నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్ అని, నల్లగొండ ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు బకాయిలు రాలేదంటూ ఆరోగ్యశ్రీ ఆపి డబ్బులు కట్టమన్నారని, అందుకే వారానికి రెండుసార్లే చేయిద్దామా అని అడిగావు కదా. ఆ పని మాత్రం చేయకు. ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు చేరి ఆయాసం రావచ్చు, పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు.

ముందు ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఉద్యోగి, ఆరోగ్యమిత్రను కలువు. 104కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా చెయ్యి. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో అడుగు, దగ్గరి ఏరియా ఆసుపత్రిలో డయాలసిస్ సెంటర్ ఉంటే అక్కడా కనుక్కో. ఖాళీ లేదంటే పేరు రాయించి రా, రోజూ వెళ్లి కదిలించు. పాత డయాలసిస్ షీట్లు, హెపటైటిస్, హెచ్ఐవీ రిపోర్టులు, రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకో. ఆ రిపోర్టులు లేకపోతే మెషిన్ ఎక్కించరు. మా చిన్నాన్న విషయంలో వాటి కోసమే ఒక రోజంతా పోయింది.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచారు, మంచిదే. కానీ ఆసుపత్రి చేర్చుకోకపోతే ఆ అంకె ఏం చేసుకుంటాం? ఈ పథకం 2007లో మొదట మొదలైన జిల్లాల్లో మన పక్క పాలమూరు ఒకటి, గుర్తుందా?

డయాలసిస్ వాళ్లకు నెలకు 2016 రూపాయల పింఛను ఉంది. రాకపోతే దరఖాస్తు పెట్టు, కనీసం దారి ఖర్చులకన్నా పనికొస్తుంది. సెంటర్ మారేదాకా నీళ్లు, ఉప్పు డాక్టర్ చెప్పినంతే. కొబ్బరినీళ్లు, అరటిపండు అసలే వద్దు. ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా 108 పిలువు.