చలిలో తూటా తుస్సుమంటే

అనంతపురం

చిరంజీవి మధుకు మామయ్య ఆశీస్సులు.

మిన్నెసోటా చలిలో నీవు స్వయంగా నింపుకున్న షాట్‌గన్ తూటాల్లో కొన్ని తుస్సుమంటున్నాయని, అందుకు చిటికెడు మందు ఎక్కువ వేయాలనుకుంటున్నానని రాశావు. ఆ పని మాత్రం చేయవద్దు. చలికి మందు నెమ్మదిగా కాలుతుంది. మందుకూ గుండ్లకూ మధ్య ఉండే ప్లాస్టిక్ వాడ్ బిరుసెక్కి గొట్టానికి సరిగా ఆనక వాయువు పక్కల నుంచి జారిపోతుంది. తగినంత ఒత్తిడి పుట్టక మందు సగంలోనే చల్లారుతుంది. గొట్టంలో కాలని పలుకులు కనిపిస్తున్నాయంటే కారణం ఇదేననుకో.

12 గేజ్ (గొట్టం లావు కొలత), రెండు ముప్పావు అంగుళాల తూటాకు అమెరికా ప్రమాణం ప్రకారం గరిష్ఠ ఒత్తిడి 11,500 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. భుజానికి సుఖంగా ఉంటుందని వేసవిలో 7,000 దగ్గర నింపుకునే తూటా జనవరిలో నమ్మదగినది కాదు. మందు తయారీదారు ప్రచురించిన పట్టికలోనే, త్వరగా కాలే మందుతో, 9,000 నుంచి 10,000 మధ్య ఒత్తిడి చూపే మిశ్రమాన్ని ఎంచుకుని, షెల్ (తూటా డొప్ప), మందును అంటించే ప్రైమర్, వాడ్, గుండ్ల బరువు అందులో ఉన్నవి ఉన్నట్లే వాడు. ప్రైమర్ ఒక్కటి మార్చినా ఒత్తిడి వెయ్యి పీఎస్ఐకి పైగా మారవచ్చు. నింపే యంత్రంలో మందును కొలిచి పోసే బుషింగ్ మీద రాసిన అంకెను నమ్మక, అది పోసే మందును త్రాసులో తూచి చూడు.

ఇక మూత సంగతి. మందును తప్పుపట్టేవారే ఎక్కువ గానీ, నా దృష్టిలో చలికాలపు తూటాకు అసలు జబ్బు క్రింప్‌లోనే, అంటే షెల్ నోటిని మడిచి వేసే ఆ మూతలోనే ఉంటుంది. మూత వదులైతే, మందు పూర్తిగా అంటుకోకముందే గుండ్లు కదిలిపోతాయి. పలుమార్లు వాడి నోరు మెత్తబడిన, పగుళ్లిచ్చిన షెల్స్‌ను పారేయి. మూత మధ్యలో రంధ్రం లేకుండా, అంచుకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతున చదునుగా కూర్చోవాలి.

తూటాలను రాత్రంతా కారు డిక్కీలో వదలక ఇంట్లోనే ఉంచి, మైదానంలో జేబులో పెట్టుకో. హీటరు దగ్గర మాత్రం పెట్టవద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నాకొక రీలోడింగ్ యంత్రం తెస్తానన్నావు, వద్దు. మన 1959 ఆయుధాల చట్టం తూటాలు తయారుచేసే యంత్రాన్ని కూడా మందుగుండు కిందే లెక్కిస్తుంది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఇక్కడ నేరం. పైగా అనంతపురం చలికి దుప్పటి చాలు.

శబ్దం తేడాగా వినిపించిన మరుక్షణం రెండో తూటా పేల్చవద్దు. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు పట్టుకొని అర నిమిషం ఆగి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలో నుంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడు. వాడ్ ఇరుక్కుని ఉండగా మరొకటి పేలిస్తే గొట్టం చీలుతుంది. కొత్త మిశ్రమంతో ముందు పది తూటాలే నింపి, ఒక రాత్రి ఆరుబయట ఉంచి పేల్చి చూసిన తరువాతే మిగతావి నింపు.

ఇట్లు,
మామయ్య