ఇన్వర్షన్ రన్ చేసే ముందు

చి. అమ్మడికి,
పెదనాన్న ఆశీస్సులు.

నేలలోకి కరెంటు పంపి తీసిన నీ సౌండింగ్ కర్వ్, దాన్నుంచి ఇన్వర్షన్‌తో, అంటే వెనక్కి లెక్కగట్టి, రాబట్టిన నేల పొరల మోడల్ చూశాను. మిస్‌ఫిట్, అంటే మోడల్ లెక్కకీ నీ కొలతకీ తేడా, 2 శాతమే అని సంబరపడుతున్నావు. ఆ అంకె నన్నూ ఒకసారి ముంచింది. కొండవీడు దగ్గర ఓ రైతుకి బండ 20 మీటర్లకి వస్తుందని చెప్పాను. 16కే తగిలింది. నీళ్లు నిలిచే పొర నేననుకున్నదాంట్లో సగమే. రైతు ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ.

అక్కడ పైన 12 మీటర్లు ఎండిన గరుసు, అడుగున గట్టి బండ, మధ్యలో మెత్తబడ్డ రాయి. అలాంటిచోట ఆ మధ్య పొర మందాన్ని దాని రెసిస్టివిటీతో, అంటే కరెంటుని అడ్డుకునే గుణంతో, భాగిస్తే వచ్చేదే కర్వ్‌లో పడుతుంది. 20 ఓం-మీటర్ల పొర 4 మీటర్లున్నా, 40 ఓం-మీటర్లది 8 మీటర్లున్నా కర్వ్ దాదాపు ఒకటే. మోడళ్లని వెతికే పద్ధతిగా కంప్యూటర్‌లో సిమ్యులేటెడ్ అనీలింగ్ పెట్టినా, పార్టికల్ స్వార్మ్ పెట్టినా ఈ ముడి విడదు. మొదటి మోడల్ తప్పుగా ఇస్తే అసలు జవాబు కాని దగ్గర్లోని గుంటలో ఇరుక్కుపోయే బాధ మాత్రం తప్పుతుంది.

అనీలింగ్‌కి తొందర పనికిరాదు. కొలిమిలో కాలిన ఇనుము మెల్లగా చల్లారినట్టు లెక్కలో ‘ఉష్ణోగ్రత’ అనే అంకెని దించాలి. మొదట్లో చెడ్డ మోడల్‌ని కూడా అప్పుడప్పుడు ఒప్పుకోవాలి. 1953 నాటి మెట్రోపొలిస్ సూత్రం చెప్పేది అదే, 1983లో కిర్క్‌పాట్రిక్ వాళ్లు దాన్నే ఆప్టిమైజేషన్‌కి వాడారు. గబగబా చల్లారిస్తే మళ్లీ అదే గుంట.

పొరలు పెంచకు. నాలుగు పొరలంటే నాలుగు రెసిస్టివిటీలు, మూడు మందాలు. ఒక్కోదానికి పదేసి విలువలు అనుకున్నా కోటి మోడళ్లు! రెసిస్టివిటీని లాగరిథంలో వెతుకు. హద్దులు మాత్రం ఊహించి పెట్టకు. పక్క పొలంలో దిగుడుబావి ఉంటే తాడు వేసి బండ ఎంత లోతులో కనిపిస్తుందో కొలిచి రా. జవాబు వెళ్లి హద్దుకే అతుక్కుంటే ఆ హద్దునే అనుమానించు.

ఒక్క రన్‌తో ఆపకు. సీడ్, అంటే వెతుకులాట మొదలుపెట్టే అంకె, మార్చి ముప్పైసార్లు నడుపు. మధ్య పొర మందం ఒక వైపు, రెసిస్టివిటీ ఒక వైపు, రెండూ లాగ్ స్కేల్‌లో పెట్టి చుక్కలు వెయ్యి. ఏటవాలు గీతలా పేరుకుంటే ఆ రెండూ విడిగా తెలియట్లేదన్నమాట. రైతుకి ఒక లోతు కాదు, ఎంత నుంచి ఎంత వరకో చెప్పు.

అన్నట్టు, ఎండిన నేలలో ఎలక్ట్రోడ్ల దగ్గర ఉప్పునీళ్లు పోశావా? కర్వ్ చివర నాలుగు పాయింట్లు ఎగిరిపడుతున్నాయి.

ఆదివారం విజయవాడ నుంచి వచ్చేటప్పుడు ముప్పై మోడళ్లూ పట్టుకురా, నీకు నచ్చినదొక్కటే కాదు.

పెదనాన్న,
బ్రాడీపేట, గుంటూరు