హెడిస్ ప్రాజెక్టులోకి మారమంటున్నారు, మారవచ్చా?

ప్రశ్న: మాది వరంగల్. మా అమ్మాయి బీఫార్మసీ పూర్తిచేసి, రెండేళ్లుగా హైదరాబాద్‌లో మెడికల్ కోడర్‌గా పనిచేస్తోంది. ఇప్పుడు హెడిస్ ప్రాజెక్టులోకి మారతావా అని కంపెనీలో అడుగుతున్నారు. అది అసలు కోడింగే కాదని, నాలుగు నెలల్లో అయిపోతుందని తోటివాళ్లు అంటున్నారట. దానికి బదులు డబ్బు కట్టి డేటా అనలిటిక్స్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: మారమనే నా సలహా. కోర్సు విషయం ఒక ఏడాది ఆగి ఆలోచించవచ్చు. అయితే ఆ ప్రాజెక్టులో ఏం నేర్చుకోవాలో తెలుసుకుని వెళితేనే ఆ మార్పు అమ్మాయికి ఉపయోగపడుతుంది.

అమెరికాలో ఆరోగ్య బీమా సంస్థలు తమ సభ్యులకు ఎంత నాణ్యమైన వైద్యం అందుతోందో ఏటా లెక్కగట్టి చూపుతాయి. అందుకోసం ఎన్‌సీక్యూఏ అనే సంస్థ నిర్దేశించిన కొలమానాలనే హెడిస్ అంటారు. వీటిలో కొన్ని మెడికేర్ అడ్వాంటేజ్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ప్రభుత్వ మెడికేర్ పథకం కింద ప్రైవేటు సంస్థలు నడిపే బీమా) ప్లాన్లకు ప్రభుత్వం ఇచ్చే స్టార్ రేటింగుల్లోనూ లెక్కకు వస్తాయి. నాలుగు స్టార్లు, ఆపైన వచ్చిన ప్లాన్లకు బోనస్ చెల్లింపులు ఉంటాయి కాబట్టి, ఈ లెక్కల్లో ఒక్క శాతం తేడా కూడా వారికి పెద్ద విషయమే.

ఇప్పుడు అమ్మాయి చేస్తున్న కోడింగ్‌లో ఒక విజిట్‌లో జరిగినదానికి బిల్లు కోసం కోడ్ ఇస్తారు. కొలమానం లెక్కలో మొదటి ప్రశ్న వేరు: ఈ సభ్యురాలు అసలు డినామినేటర్‌లోకి, అంటే లెక్కలోకి తీసుకోవాల్సిన మొత్తం మందిలోకి వస్తుందా? రక్తపోటు అదుపు కొలమానాన్నే తీసుకోండి. 18 నుంచి 85 ఏళ్ల మధ్య వయసుండి, ముందు ఏడాది జనవరి 1 నుంచి ఈ ఏడాది జూన్ 30 లోపు కనీసం రెండు వేర్వేరు తేదీల్లో అధిక రక్తపోటు నిర్ధారణతో డాక్టరును కలిసినవారు దీనిలోకి వస్తారు. హాస్పిస్ (జీవిత చివరి దశ) సంరక్షణలో ఉన్నవారిని, డయాలసిస్ చేయించుకుంటున్నవారిని తీసివేస్తారు. మిగిలినవారిలో ఆ ఏడాది చివరి రీడింగు 140/90 కంటే తక్కువ ఉన్నవారే న్యూమరేటర్, అంటే కొలమానాన్ని అందుకున్నవారు.

ఒక చార్టును, అంటే ఒక రోగి వైద్య రికార్డును ఊహించుకోండి. మార్చిలో 150/94. అక్టోబర్ 8న ఒకే విజిట్‌లో రెండు రీడింగులు: 146/84, 138/92. నవంబర్‌లో ఎమర్జెన్సీ విభాగంలో 170/100. పైపైన చూస్తే రక్తపోటు అదుపులో లేదనే అనిపిస్తుంది. కానీ ఎమర్జెన్సీలో తీసిన రీడింగు లెక్కకు రాదు, కాబట్టి అక్టోబర్ 8వ తేదీయే చివరిది. ఒకే రోజు ఒకటి కంటే ఎక్కువ రీడింగులుంటే పై సంఖ్యల్లో తక్కువదాన్ని, కింది సంఖ్యల్లో తక్కువదాన్ని తీసుకోవాలి. అంటే 138/84, అదుపులో ఉన్నట్లే. దీనికి సీపీటీ రెండో కేటగిరీలో (బిల్లు కోసం కాక, నాణ్యత లెక్కల కోసం వాడే కోడ్లలో) 3075ఎఫ్, 3079ఎఫ్ కోడ్లు వస్తాయి. డాక్టరు కార్యాలయం ఆ కోడ్లను బీమా సంస్థకు పంపే క్లెయిములోనే పెట్టి ఉంటే ఈ చార్టు తెరవాల్సిన అవసరమే ఉండేది కాదు. మరోవైపు, రీడింగు సరిగ్గా 140/90 ఉన్నా, ఏడాదంతా ఒక్క రీడింగూ నమోదు కాకపోయినా అదుపులో లేనట్లే లెక్క.

నియమాలు ఇంత పట్టింపుతో ఉండటం వల్లే ఈ పనిలో నిజాయితీకి అంత విలువ. సంఖ్య పెంచాలన్న ఒత్తిడి ఎక్కడైనా ఉంటుంది. చార్టులో లేనిదాన్ని ఉన్నట్లు రాయకూడదన్న నియమాన్ని అమ్మాయి మొదటి రోజు నుంచే పట్టుకోవాలి. ఎన్‌సీక్యూఏ ధ్రువీకరించిన ఆడిటర్లు చార్టుల్లో కొన్నింటిని మళ్లీ సరిచూస్తారు. అన్నిటికీ మించి, ఆ సంఖ్య వెనుక ఒక రోగికి నిజంగా వైద్యం అందిందా లేదా అన్నది ఉంది.

తోటివాళ్ల మాటలోనూ నిజం ఉంది. చార్టులు చదివే పని ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే వరకే ఉంటుంది, జూన్ మధ్యకల్లా ఫలితాలు సమర్పించాలి. పైగా, ఒక్కో కొలమానానికి 411 మంది చార్టులను నమూనాగా చూసే హైబ్రిడ్ పద్ధతిని ఎన్‌సీక్యూఏ కొన్ని కొలమానాలకు ఇప్పటికే తీసివేసి, ఎలక్ట్రానిక్ డేటాతోనే లెక్కించమంటోంది. కాబట్టి చార్టు చదవడం దగ్గరే ఆగిపోతే ముందు ముందు ఇబ్బందే. నియమాన్ని కంప్యూటరుకు చెప్పగలిగే వారికి మాత్రం పని పెరుగుతుంది. ఆ నియమంలో ఏ కోడ్ ఎందుకు ఉందో తెలిసిన కోడర్, డేటాబేసుల నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ కూడా నేర్చుకుంటే, కోడ్లు తెలియని ప్రోగ్రామర్ కంటే ముందుంటుందని నా నమ్మకం.

దీనికి పెద్ద ఫీజు అవసరం లేదు. అమెరికా ప్రభుత్వ ఈసీక్యూఐ రిసోర్స్ సెంటర్ వెబ్‌సైట్‌లో సీఎంఎస్165 అనే రక్తపోటు కొలమానం పూర్తి నిర్వచనం ఉచితంగా దొరుకుతుంది. హెడిస్ నియమాలతో అది అక్షరాలా ఒకటి కాదు. ఆ తేడాలు వెతకడమే మంచి అభ్యాసం. సింథియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కల్పిత రోగుల రికార్డులను తయారుచేస్తుంది. ముందు ఇరవై మందికి కాగితం మీద లెక్క వేసి, తరువాత అదే లెక్కను ఎస్‌క్యూఎల్‌లో రాసి, రెండు జవాబులూ కలిసేదాకా చూడమనండి. కంపెనీలో చూసే నిజమైన రోగుల సమాచారాన్ని అభ్యాసం కోసం ఇంటికి తీసుకురావడం రోగుల గోప్యతా నిబంధనలను ఉల్లంఘించడమే. అది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

ఇక్కడి ఆసుపత్రుల్లోనూ ఇలాంటి పని ఉంది. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్నవి, ప్రతి 1000 క్యాథెటర్ రోజులకు (రోగులకు మూత్రపు గొట్టం ఉన్న రోజులన్నీ కలిపి) ఎన్ని మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వచ్చాయో ఇదే పద్ధతిలో లెక్కిస్తాయి. జీతం అమెరికా ప్రాజెక్టులంత ఉండకపోవచ్చు.

ఒప్పుకునే ముందు అమ్మాయి తన మేనేజరును మూడు విషయాలు అడిగి, జవాబులు మెయిల్‌లో తీసుకోవాలి: సీజన్ అయ్యాక తనను ఏ పనిలో పెడతారు, కొలమానాల పూర్తి నిర్వచన పత్రాలు చదవడానికి ఇస్తారా, ఇతరులు చూసిన చార్టులను తిరిగి సరిచూసే ఓవర్‌రీడ్ పని వచ్చే ఏడాదికైనా ఇస్తారా. మొదటిదానికి స్పష్టమైన జవాబు రాకపోతే, పాత ప్రాజెక్టులో తన స్థానం ఉంటుందన్న హామీ తీసుకున్నాకే మారమనండి.