పిల్లలచేత బెండకాయ ముక్కలతో కాగితం మీద రంగు అచ్చులు గుద్దిస్తే రంగు అలుక్కుపోతోంది, ఎందుకు? (1, 2 తరగతులు)

దాదాపు ఎప్పుడూ కారణం తడే. అడ్డంగా కోసిన బెండకాయలో జిగురు ఊరుతుంది. అది రంగును పలుచన చేస్తుంది, అచ్చులోని సన్నగీతలు పూడిపోతాయి. ముక్కలను మీరే కోసి, కోసిన వైపు పాత న్యూస్‌పేపర్ మీద బోర్లించి 10 నిమిషాలు వదిలేయండి. వండడానికి పనికిరాని ముదురు కాయలే ఇక్కడ మేలు: గోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి గదులన్నీ పువ్వులా విడివిడిగా పడతాయి. లేతవి నొక్కగానే నలుగుతాయి. ముక్క రెండంగుళాల పొడవైనా ఉండాలి, లేకపోతే చిన్నవేళ్లకు పట్టు దొరకదు.

పోస్టర్ కలర్ గట్టి పెరుగంత చిక్కగా ఉండాలి. పళ్లెంలో పోస్తే పిల్లలు ముక్కను ముంచేస్తారు. తడిపి గట్టిగా పిండిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి, దానిమీద రెండు చెంచాల రంగు పరిచి అద్దించండి. డ్రాయింగ్ కాగితం కింద కూడా న్యూస్‌పేపర్ మడత వేస్తే అచ్చు సమంగా పడుతుంది. నొక్కాక ముక్కను నిలువుగా ఎత్తాలి, పక్కకు జరపకూడదు.

రెండు రంగులు చాలు. ఎరుపు ఆరకముందే దానిమీద పసుపు పడితే నారింజ వస్తుంది. దాన్ని వాళ్లనే కనిపెట్టనివ్వండి. బోర్డు మీద నమూనా బొమ్మ మాత్రం గీయకండి, తరగతంతా దాన్నే దించేస్తుంది.