సందూకలో ఉత్తరాలు, అత్తమ్మ మాట

ప్రశ్న: తాత పోయాక ఆయన సందూక మా ఇంటికొచ్చింది. అందులో ఓ నలభై ఉత్తరాలు, వెండి కుంకుమ భరిణ, చార్మినార్ బొమ్మున్న నాణేలు. మా మేనత్తకి 72 ఏళ్లు, ఇద్దరం కూర్చుని మా ఇంటి చరిత్ర రాసుకుంటున్నాం. ఒక ఉర్దూ కాగితంలో నానమ్మ పెళ్లి ఖర్చులున్నాయి, తేదీ తీర్ 1352 ఫస్లీ అని తెలిసినాయన చదివిపెట్టారు. అత్తమ్మేమో పెళ్లి పోలీస్ యాక్షన్ (నిజాం రాజ్యంలోకి భారత సైన్యం రావడం) అయినాకే అంటది. ఏది నమ్మాలి?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: రెండూ నిజమే అయ్యుండొచ్చమ్మా. నిజాం కాలంలో ఇక్కడి ఫస్లీ సంవత్సరం అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలయ్యేది, ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 590 కలపాలి, జనవరి నుంచి వచ్చే నెలలకైతే 591. తీర్ అంటే మే అటూఇటూ, కాబట్టి మీ కాగితం 1943 ఎండాకాలంది, పెళ్లిళ్ల రోజులే. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబర్. అప్పట్లో చాలా ఇళ్లల్లో చిన్నప్పుడే పెళ్లి చేసి, పిల్ల ఈడేరాక కాపురానికి పంపేవాళ్లు కదా, నానమ్మ కూతురికి చెప్పుకున్నది బహుశా అత్తగారింట్లో కాలుపెట్టిన రోజేమో.

అందుకే దయచేసి కాగితం చూపించి నువ్వు తప్పు చెప్పావ్ అనకండి. నానమ్మ ఈ ఇంటికొచ్చేటప్పటికి ఎన్నేళ్లు, ఎవరు తీసుకొచ్చారు, బండిలోనా రైల్లోనా అని అడగండి, అదీ భరిణ అత్తమ్మ చేతిలో పెట్టాక, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి. మా పెద్దమ్మని పేర్లడిగితే ఏం గుర్తులేదనేది, వాళ్లమ్మ అడకత్తెర చేతికిస్తే దాన్ని రెండుసార్లు కటకటలాడించి, ఇంక రెండు గంటలు ఆపకుండా చెప్పింది, పొలంగట్టు చింతచెట్టు ఎవరి వాటాకొచ్చిందో దాంతో సహా.

ఖర్చుల లెక్కలో రూపాయలు హాలీ సిక్కావా (నిజాం రూపాయలు) కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయలు) అని కూడా చూడండి, ఏడు హాలీ అంటే దాదాపు ఆరు కల్దార్. మీ నాణేలు హాలీవే అయ్యుంటాయి, చింతపండుతో తోమకండి, తోమితే పైన అచ్చు అరిగిపోతుంది. ఉత్తరాలకి సెల్లోటేప్ వద్దు, లామినేషన్ అస్సలొద్దు. ఏ కవర్లోది ఆ కవర్లోనే పెట్టండి, పోస్ట్ ముద్ర మీద ఊరూ తేదీ ఉంటాయి.

కాపురానికి పంపిన కబురు తెలుగు ఉత్తరాల్లోనే దొరకొచ్చు. సర్వధారి, విరోధి అని పైన రాసినవి ముందు తియ్యండి, అవి 1948, 1949 ఉగాదులతో మొదలైన ఏళ్లు. దొరికితే అత్తమ్మ పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించండి, మధ్యలో ఆవిడ ఆపితే ఆగండి.