-20 దగ్గరే విమాన ఇంధన ఫిల్టర్ మూసుకుపోతే మైనం అనుకోకండి

మీ బెంగళూరు ల్యాబ్‌లో సగం హెఫా (నూనెలు, కొవ్వుల నుంచి చేసే విమాన ఇంధనం), సగం జెట్ ఏ-1 (మామూలు విమాన ఇంధనం) పోసి చల్లబరిస్తే -20 డిగ్రీలకే ఫిల్టర్ ముందు ప్రెషర్ పెరుగుతోందని, అది మైనమా అని అడిగారు. మీ ఇంధనం ఫ్రీజ్ పాయింట్ (చలికి ఇంధనంలోంచి మైనం గడ్డకట్టే ఉష్ణోగ్రత) -50 అయితే అది మైనం కాదండీ, ఇంధనంలోని నీరు గడ్డకట్టిన మంచు. -5 నుంచి -20 మధ్యే అది పైపులకు బాగా అంటుకుంటుంది. 2008లో హీత్రూలో రన్‌వేకి ముందే నేల తాకిన బోయింగ్ 777 గొడవా మంచుదే.

హెఫాలో దాదాపు ఉండని అరోమాటిక్స్ (బెంజీన్ లాంటి వలయపు హైడ్రోకార్బన్లు) తగ్గితే ఇంధనం నీటిని తక్కువ కరిగించుకుంటుంది. తేమ పట్టిన జెట్ ఏ-1లో హెఫా కలిపితే మిగులు నీరు విడిపోవచ్చు.

మైనమా, మంచా తేల్చుకోవాలంటే -10కి వేడెక్కించండి. మైనమైతే కరుగుతుంది, మంచు సున్నా దాకా కదలదు. ఇంధనాన్ని రాత్రంతా నిలవనిచ్చి అడుగునీరు తీసేయండి, కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలిచే పరీక్ష)తో నీరు ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉందో చూశాకే చల్లబరచండి. ఓ-రింగులు (గొట్టాల అతుకుల్లో ఉండే రబ్బరు రింగులు) కారుతుంటే మాత్రం అరోమాటిక్స్ కనీసం 8 శాతం ఉన్నాయో లేదో చూడండి, తగ్గితే నైట్రైల్ రబ్బరు కుంచించుకుపోతుంది.