సినిమాలోని గదకు చేయించిన నకలు సరిగ్గా ఉందో లేదో ఒక్క స్క్రీన్‌షాట్‌తో తేలుతుందా?

తేలదు, మూడు నాలుగు షాట్లలో కొలతల నిష్పత్తి కలవాలి, రంగు సంగతి ఆఖరున చూడాలి. కెమెరాకు దగ్గరగా వచ్చిన భాగం ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. గద కెమెరా వైపు వాలితే గుండు ఉబ్బి, కర్ర పొట్టిగా కనిపిస్తుంది. అందుకే గద పక్కవాటుగా, ఫ్రేము మధ్యలో ఉన్న షాట్లే తీసుకుని, మొత్తం పొడవును గుండు వెడల్పుతో భాగించండి.

విజయవాడ ఆటోనగర్‌లో 90 సెం.మీ. గద చేయించారనుకోండి. షాట్లలో నిష్పత్తి 4.5 వస్తే గుండు 20 సెం.మీ. ఉండాలి. 23 ఉంటే పాలిష్ ఎంత బాగున్నా పోలిక పోయినట్టే. నకలు మీదే మళ్లీ అచ్చు తీసి పోసినదైతే గుండు కాస్త చిన్నదవుతుంది, నగిషీ అంచులు మొద్దుబారతాయి. అచ్చులో పోసే రెసిన్ (గట్టిపడి ప్లాస్టిక్‌లా మారే ద్రవం) గట్టిపడేటప్పుడు కుదించుకుపోతుంది మరి. ఇంకొకటి, క్లోజప్‌కు వాడే గద, ఫైటింగ్‌కు వాడే తేలికపాటి గద తరచూ వేరువేరు. ఆ రెంటి కొలతలు కలిపేయకండి.

చాలామంది పొరబడేది రంగు దగ్గర. తెర మీద కనిపించిందే అసలు రంగు అనుకుంటారు. 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపుల్లో తీసిన సినిమా. 2010లో వచ్చిన ప్రతిలోని రంగులు తర్వాత కంప్యూటర్‌లో వేసినవి. ఆ ప్రతి చూసి గదకు బంగారు పూత సరిగ్గా కుదిరిందని తేల్చలేం.